రెడీ టూ... టేక్ టూ!

వారం వారం ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పాట. "డైరెక్టర్ని కావాలనుంది సార్, ఎవర్ని కలవమంటారు?" మిగిలిన వాటిలో చాలా భాగం "కెమెరామన్ని కావాలనుంది" అని. ఒకటీ అరా ఫలానా హీరోయిన్ ఇంటి అడ్రసు కోసం! అడ్రసుల బాపతుకి నా దగ్గర జవాబు లేదు. మొదటి రెండు రకాలకీ ఇన్నాళ్లూ ఒకటే చెబుతూ వచ్చాను. ఇనిస్టిట్యూట్‌లో సీటు సంపాదించండి, లేదా కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి గది తీసుకుని అసిస్టెంటుగా చేరేందుకు తిరగండి అని. సలహాలు రెండూ మంచివే. అయితే రెండింటికీ ఒకటే తెగులు. పని మీ చేతికి ఎప్పుడొస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. క్లాప్ బోర్డు పట్టుకోవడానికి ఏడాది, మానిటర్ దగ్గర నిలబడనివ్వడానికి రెండేళ్లు, "నీ అభిప్రాయం ఏమిటోయ్?" అని ఎవరైనా అడగడానికి... అడిగితే అదృష్టవంతులు.

ఈ వారం మూడో దారి ఒకటి చెబుతాను. ఇది సినిమా కాదు, ఆట. ఆడడం కాదు సుమండీ, ఆటని చూపించడం. లైవ్‌గా!

2024 అక్టోబరులో మా అక్కావాళ్లను చూడ్డానికి అమెరికా వెళ్లాను. వాళ్ల వూరికి మూడు గంటల కారు దూరంలో ఒక యూనివర్సిటీలో మా పిన్ని కొడుకు ఎమ్మెస్ చదువుతున్నాడు. కంప్యూటర్సే, మనవాళ్లు ఇంకేం చదువుతారు! నేను వెళ్లిన సాయంత్రం వాడు హడావుడిగా షూ లేసులు కట్టుకుంటూ, "అన్నయ్యా, ఇవాళ నాకు మ్యాచ్ వుంది, వస్తావా?" అన్నాడు. వీడికి మ్యాచేమిటి, ఇంటర్మీడియట్‌లో క్యారమ్స్ తప్ప ఏమీ ఆడి ఎరగడే అని ఆశ్చర్యపోయాను. తీరా వెళితే అది ఆడపిల్లల వాలీబాల్ మ్యాచ్. మావాడు మూడో నెంబరు కెమెరా!

వాణ్ణి కోర్టు పక్కన వదిలేసి, అనుమతి తీసుకుని నన్ను కంట్రోల్ రూములో ఒక మూల కూర్చోబెట్టారు. అది స్టేడియంలో లేదు. రెండు వీధుల అవతల ఇంకో భవనంలో వుంది. కెమెరాల బొమ్మలన్నీ ఫైబర్ తీగల మీద అక్కడికి వస్తాయి. గోడ నిండా తెరలు. తెరల ముందు వరసగా పిల్లలు. పిల్లలని ఎందుకంటున్నానంటే వాళ్లలో ఒక్కరికీ ఇరవై రెండు దాటి వుండవు. డైరెక్టరు కుర్చీలో వున్న అమ్మాయికి ఇరవై ఏళ్లు, డిగ్రీ మూడో సంవత్సరం. ఆమె పక్కన స్విచ్చర్ మీటలు నొక్కే కుర్రాడు. అటుపక్క రీప్లే యంత్రం దగ్గర ఇద్దరు. స్కోరు, పేర్లు వేసే గ్రాఫిక్స్ దగ్గర ఒకరు. సౌండు గదిలో ఒకరు. కామెంటరీ చెప్పేవాళ్లూ విద్యార్థులే, వాళ్లు మాత్రం కోర్టు దగ్గర వున్నారు. గదిలో పెద్దవాడు ఒకే ఒక్కడు. నెరిసిన జుట్టు, చేతిలో కాఫీ కప్పు, వెనక గోడకి ఆనుకుని నోరు మెదపకుండా కూర్చున్నాడు. యూనివర్సిటీ ఉద్యోగి, గురువుగారు.

ఆట మొదలైంది. "రెడీ టూ... టేక్ టూ. రెడీ వన్... టేక్ వన్." మొదట పది నిమిషాలు నాకు మంత్రం చదువుతున్నట్టే వుంది. తర్వాత మెల్లిగా అర్థమయింది. 'రెడీ' అంటే ఆ కెమెరావాడు బొమ్మ కుదిపెయ్యకుండా నిలబెట్టాలి, స్విచ్చర్ వాడు మీట మీద వేలుంచాలి. 'టేక్' అనగానే ఆ బొమ్మ ప్రపంచానికి వెళ్లిపోతుంది, కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతుంది. వెనక్కి తీసుకోవడం లేదు.

ఒకటో కెమెరా ఎత్తు మీద నుంచి కోర్టంతా చూపిస్తుంది. బంతి ఆడుతున్నంతసేపూ దాదాపు అదే. ర్యాలీ ముగిసిన క్షణాన అసలు పని మొదలు. పాయింటు కొట్టిన పిల్ల మొహం, ఓడినవాళ్ల కోచ్ మొహం, ఒక రీప్లే, మళ్లీ అవతలి సర్వీసు పడేలోపు ఒకటో కెమెరాకి. ఇదంతా పట్టుమని పది పదిహేను సెకన్లు! రీప్లే కుర్రాడు ఈలోగా నాలుగు కెమెరాల్లో ఏది బాగా చూపించిందో పట్టుకుని, వెనక్కి తిప్పి, "నాలుగులో వుంది, బ్లాక్ చేతికి తగిలింది" అని అరవాలి. సినిమా ఎడిటర్ ఒక సీను మీద వారం రోజులు కూర్చోగలడు. వీళ్లు ఆ కత్తిరింపులన్నీ గాలిలో బంతి వుండగానే చేస్తున్నారు.

మూడో సెట్టు. రెండు పక్కలా ఇరవై దాటాయి. ఉన్నట్టుండి ఒకటో కెమెరా తెర నల్లబడిపోయింది. కోర్టులో ర్యాలీ నడుస్తోంది. గదిలో అందరి వూపిరీ ఆగిందనుకోండి. ఆ అమ్మాయి కేకలు వెయ్యలేదు. "టేక్ టూ. టూ, వెనక్కి లాగు, కోర్టంతా చూపించు, ఇక నువ్వే వన్" అంది ఇంగ్లీషులో, ఒక్క గుక్కలో. రెండో కెమెరా కుర్రాడు దగ్గరి బొమ్మ నుంచి మెల్లిగా వెడల్పుకి వెళ్లాడు. గురువుగారు ముందుకు వంగినవాడల్లా మళ్లీ గోడకి ఆనుకున్నాడు. ఎవరో తీగ తన్నేశారట. ఆరేడు పాయింట్ల తర్వాత ఒకటో కెమెరా తిరిగొచ్చింది. చూస్తున్న జనంలో సగం మందికైనా ఏం జరిగిందో తెలిసి వుండదు.

నేను చప్పట్లు కొడదామనుకున్నాను. మ్యాచ్ అయ్యాక గురువుగారు ఏం చేశాడో తెలుసా? రికార్డింగ్ వెనక్కి తిప్పి ఆ ఘట్టం మొత్తం వేయించాడు. శభాష్ అని ఒక్కమాట అన్నాడు, ఆ వెంటనే, "ఈ ఆరు పాయింట్లలో నువ్వు ఒక్క రీప్లే కూడా ఇవ్వలేదు. ఎందుకు?" అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, "భయపడ్డాను. ఉన్న కెమెరా వదిలితే అదీ పోతుందేమో అనిపించింది" అంది. "భయం సరే. చూసేవాడికి మాత్రం ఆరు పాయింట్లు ఎలా వచ్చాయో తెలియలేదు" అన్నాడాయన. తిట్టలేదు, మెత్తబరచలేదు. ఆ పిల్ల నోటుపుస్తకంలో రాసుకుంది. అసిస్టెంటుగా నాలుగేళ్లు తిరిగినా మనవాళ్లకి ఇలాంటి పాఠం ఒక్కటి దొరుకుతుందా అనిపించింది. పాఠం చెప్పేవాళ్లు లేక కాదు. తప్పు చేసే కుర్చీలో కూర్చోనివ్వాలి కదా!

ఇంతకీ అమెరికా వాళ్లు పిల్లల చేతికి ఇంత పని ఎందుకిచ్చారు? ధర్మబుద్ధి అనుకునేరు. అవసరం!

కాస్త వెనక్కి వెళదాం. అమెరికాలో టెలివిజన్‌లో చూపిన మొట్టమొదటి ఆటే కాలేజీ ఆట. 1939 మే 17న న్యూయార్క్‌లో కొలంబియా, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీల మధ్య బేస్‌బాల్. ఉన్నది ఒకే కెమెరా. బంతి ఎక్కడుందో ఆ తెర మీద కనబడితే ఒట్టు! తక్షణ రీప్లే పుట్టింది కూడా విద్యార్థుల ఆటలోనే. 1963 డిసెంబరు 7న ఆర్మీ, నేవీ అకాడమీల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టోనీ వెర్నా అనే ముప్ఫై ఏళ్ల డైరెక్టరు అర టన్నుకి పైగా బరువున్న టేపు యంత్రాన్ని మోయించుకొచ్చి, ఆర్మీ చేసిన టచ్‌డౌన్‌ని వెంటనే రెండోసారి చూపించాడు. జనం కంగారు పడతారని, ఇది మళ్లీ చేసింది కాదు, ఇందాకటిదే అని కామెంటేటర్ చెప్పుకోవాల్సొచ్చింది! ఆ రోజు రీప్లే మళ్లీ చూపించలేదు. ఒక్కసారే, కాని ఆ ఒక్కసారితో ఆట చూసే పద్ధతి మారిపోయింది.

(అన్నట్టు మన దగ్గర 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కోసమే టీవీకి రంగులొచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లనడగండి, ఎవరింటి అరుగు మీద కూర్చుని చూశారో చెబుతారు.)

ఇక అవసరం సంగతి. 2007 ఆగస్టులో బిగ్ టెన్ అనే యూనివర్సిటీల కూటమి తన సొంత చానల్ పెట్టుకుంది. పేరు బిగ్ టెన్, 2024 నుంచి లెక్కపెడితే పద్దెనిమిది, అది వాళ్ల ఇష్టం! 2014లో ఎస్‌ఈసీ నెట్‌వర్క్, 2018లో ఈఎస్‌పీఎన్ ప్లస్, 2019లో ఏసీసీ నెట్‌వర్క్ వచ్చాయి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పెద్ద మ్యాచ్‌లకి ఓబీ వ్యాన్లు, నిపుణులు సరే. మరి వాలీబాల్, సాఫ్ట్‌బాల్, కుస్తీ, ఈత... సంవత్సరం పొడుగునా వందల కొద్దీ ఆటలు. ఇంటర్నెట్ మీద అన్నీ చూపిస్తామని ఒప్పుకున్నారు. ప్రతిదానికీ వ్యాను పంపితే దివాలా. అందుకని యూనివర్సిటీలే ఆవరణలో కంట్రోల్ రూములు కట్టుకుని, ప్రతి మైదానం నుంచీ అక్కడికి తీగలు లాగాయి. మరి ఆ మీటల దగ్గర కూర్చునేదెవరు? ఎదురుగా వేలమంది విద్యార్థులు! బిగ్ టెన్ వాళ్లయితే స్టూడెంట్ యూ అనే పేరుతోనే ఈ పని నడిపించారు.

పెద్ద చానళ్ల వూసు లేకుండా చదువుగానే మొదలుపెట్టిన చోటూ వుంది. ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే వూళ్లో బాల్ స్టేట్ యూనివర్సిటీ. టీవీ హాస్యబ్రహ్మ డేవిడ్ లెటర్‌మన్ అక్కడే 1969లో డిగ్రీ పుచ్చుకున్నాడు. 2009లో అక్కడ స్పోర్ట్స్ లింక్ అని పెట్టారు. విద్యార్థులే తమ యూనివర్సిటీ ఆటలు చిత్రించాలి, కామెంటరీ చెప్పాలి, ఆటగాళ్ల మీద కథనాలు తియ్యాలి. మన సినిమా పిచ్చివాళ్లకి ఈ చివరిది బాగా నచ్చుతుందనుకుంటాను. మ్యాచ్ రెండు గంటలే, దాని చుట్టూ చెప్పే కథలకి అంతులేదు.

ఇలా నాలుగేళ్లు చేసినవాడు బయటికొచ్చేసరికి చేతిలో వందకి పైగా మ్యాచ్‌ల అనుభవం వుండడం పెద్ద విశేషం కాదు. ఆ అనుభవానికి చోట్లు చాలా వున్నాయి. రీప్లే ఆపరేటరు ఒకటి. బెల్జియంలోని ఈవీఎస్ కంపెనీ యంత్రం ఎంతగా పాతుకుపోయిందంటే, మన దేశంలో కూడా ఆ పనివాణ్ణి ఈవీఎస్ ఆపరేటర్ అనే అంటారు. గ్రాఫిక్స్ మనిషి, టెక్నికల్ డైరెక్టరు, సౌండు మనిషి, స్టేడియంలోని పెద్ద తెరని నడిపేవాళ్లు, జట్ల దగ్గర వీడియోలు చేసేవాళ్లు. వీళ్లలో చాలామంది నెలజీతం మనుషులు కారు, మ్యాచ్‌కింత అని తీసుకునే ఫ్రీలాన్సర్లు. నాలాంటి వాళ్లన్నమాట. కాబట్టి ఆ బతుకులోని తీపీ చేదూ నాకు తెలుసు. పని వుంటే వూపిరాడదు, లేకపోతే పొద్దు గడవదు. పైగా లోకమంతా పండగ చేసుకునే రోజే మీకు డ్యూటీ. ఆదివారం మ్యాచ్‌లు పెట్టేది మీరు ఇంట్లో కూర్చుని చూడ్డానికి కదా, చూపించేవాడికి ఆదివారం ఎక్కడిది?

తీపి చెప్పాను గనక చేదు కూడా పూర్తిగా చెప్పాలి. మావాణ్ణి అడిగాను, ఎంతిస్తారురా అని. "క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగినా దాదాపు అంతే ఇస్తారన్నయ్యా" అన్నాడు నవ్వుతూ. ఇదీ నాకు గుచ్చుకున్న ముక్క. 2025 జూన్‌లో అక్కడి కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం, ఆ ఏడాది జూలై ఒకటి నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చు. ఒక్కో యూనివర్సిటీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు! ఆటగాళ్లకి ఇవ్వడం న్యాయమే, వాళ్ల చెమటే ఇన్నాళ్లూ అమ్ముకున్నారు. మరి ఆ చెమటని దేశమంతటికీ చూపించే పిల్లలు? వాళ్లకి గంట కూలీ. అదే పని రోజుకూలీకి చేసే అనుభవజ్ఞుడైన టెక్నీషియను "నా అన్నం వీళ్ల చేత చవగ్గా వండిస్తున్నారు" అంటే కాదనగలమా? నేర్చుకుంటున్నారు గదా అని కూలీ తగ్గించడం మన చిత్రసీమలో కూడా పాత పాటే. నా మట్టుకు నాకు, గురువుగారు వెనక కూర్చుని తప్పు చూపించిన చోట అది చదువు. పిల్లల్ని మీటల ముందు వదిలేసి తలుపు వేసుకు వెళ్లిన చోట అది చవక కూలీ. మధ్యలో వున్న గీత సన్నటిదే, కాని కనబడుతుంది.

ఇంకో గండం, మనిషే లేని కెమెరా. బంతి ఎటు పోతే అటు తనంతట తానే తిరిగే కెమెరాలు ఇజ్రాయెల్‌లో పిక్సెలాట్, డెన్మార్క్‌లో వియో అనే కంపెనీలు తయారుచేస్తున్నాయి. అమెరికా హైస్కూళ్లలో అవి చాలానే బిగించారు. గోడకి బిగిస్తే చాలు, కూలీ అడగవు, పండగ అనవు. అందుచేత కేవలం బంతిని వెంబడించడం నేర్చుకుని వూరుకుంటే లాభం లేదు. ఆ రాత్రి మావాడు తీసిన ఒక బొమ్మ చెబుతాను. ఆఖరి పాయింటుకి గెలిచినవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి గంతులేస్తున్నారు. మూడో కెమెరా మాత్రం వాళ్లని వదిలి, అవతలి పక్క నెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయిన ఒక పొడుగుపాటి పిల్ల మీద ఆగింది. ఎవరూ చెప్పలేదు. డైరెక్టరమ్మాయి తెరల మీద అది చూసి "రెడీ త్రీ... టేక్ త్రీ" అంది. నాలుగు సెకన్లు. చిన్నప్పుడు వాడు సినిమా హాల్లో హీరో పాటకి లేచి వెళ్లి, ఏడుపు సీనుకి తిరిగొచ్చే రకం!

విదేశం వెళ్లే మనవాళ్లకి ఒక మాట. విద్యార్థి వీసా మీద వున్నవాళ్లు చదువు నడిచే రోజుల్లో ఆవరణలోపల వారానికి 20 గంటల వరకూ పనిచెయ్యవచ్చు. యూనివర్సిటీ స్వయంగా ఇచ్చే కెమెరా పని ఆ లెక్కలోకి వస్తుంది. బయట ఎవరో మ్యాచ్ తీయమన్నారని అనుమతి లేకుండా వెళ్లారో, చదువుకే మోసం. వెళ్లబోయే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు వుంటుంది, అక్కడ అడగండి. ఫ్రెండ్ చెప్పాడని నమ్మొద్దు.

"మేం అమెరికా వెళ్లడం లేదు, మా సంగతేమిటి?" అంటున్నారు కదూ? ఇక్కడికే వస్తున్నాను. మన కాలేజీల్లో అంతటి కంట్రోల్ రూములు ఆశించడం అత్యాశే. కాని ఒక ఆట మన గుమ్మంలోనే వుంది. కబడ్డీ! లైవ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆట నాకు కనబడలేదు. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే రెండు కెమెరాలు చాలు. కూతకి 30 సెకన్లు. అంటే ప్రతి అరనిమిషానికీ ఒక చిన్న కథ, మొదలూ కొసా వున్నది. 2014లో ప్రో కబడ్డీ వచ్చి తెలుగు టైటాన్స్ బరిలోకి దిగినప్పటి నుంచీ, 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ మొదలైనప్పటి నుంచీ ఈ ఆటని తెలుగులో చెప్పేవాళ్లకీ, చూపేవాళ్లకీ పని పెరిగింది. వూళ్లలో కూడా చూడండి, ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు సైతం యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి. అవి చేసేది ఎవరో పెద్ద కంపెనీవాళ్లనుకుంటున్నారా? లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న కుర్రాళ్లు!

మీ కాలేజీ టోర్నమెంటుకి ఇలా చెయ్యండి. మంచి ఫోన్లు రెండు, స్టాండ్లు రెండు, ఒక లాప్‌టాప్. బొమ్మలు మార్చడానికి ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. మొదటి కెమెరా నడిగీతకి ఎదురుగా, టేబులు మీద బల్ల వేసైనా సరే, ఎత్తు మీద పెట్టండి. రెండోది అదే పక్కన, కింద, కూతకి వెళ్లే వాడి మొహం చూపేలా. అదే పక్కన అని ఎందుకన్నానంటే, కోర్టుకి అటుపక్క పెడితే కుడికి వెళ్లే ఆటగాడు కట్ చెయ్యగానే ఎడమకి వెళుతున్నట్టు కనబడతాడు. సినిమావాళ్లు కెమెరా గీత దాటకూడదంటారే, అదే ఇది. కేకలు వేసేవాడు ఒక్కడే వుండాలి. ఇద్దరు డైరెక్టర్లుంటే ఒక్క బొమ్మా సరిగా రాదు. స్కోరు రాసేవాణ్ణి తక్కువగా చూడకండి, స్కోరు తప్పితే ఎంత గొప్ప షాటూ ఎవడికీ అక్కర్లేదు. టోర్నమెంటు నడిపేవాళ్ల అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. ఆడేవాళ్లు స్కూలు పిల్లలయితే వాళ్ల పెద్దవాళ్ల అనుమతి కూడా.

ముఖ్యమైనది మరిచిపోయేవాణ్ణి. మైకుసెట్టు వాడు విరామంలో కొత్త సినిమా పాటలు వేస్తాడు. ఆ పాట మీ లైవ్‌లోకి వినబడిందో, హక్కులవాళ్ల తరఫున యూట్యూబ్ మీ ప్రసారానికి నోరు నొక్కెయ్యవచ్చు, ఆపెయ్యనూ వచ్చు. కాబట్టి ముందుగా వెళ్లి ఆయనకి ఒక టీ ఇప్పించి, మ్యాచ్ అయ్యేవరకూ పాటలు ఆపమని బతిమాలండి. వినకపోతే మైదానం మైకు మూసేసి, కామెంటరీ ఒక్కటే వదలండి.

మ్యాచ్ అయ్యాక అందరూ ఇళ్లకి పోకుండా కూర్చుని మొదటి నుంచీ చూడండి. ఎక్కడ ఎందుకు కట్ చేశారో చేసినవాడే చెప్పాలి. సంక్రాంతి టోర్నమెంట్లకి ఎవరెవరు చేస్తున్నారో ఈ పేజీకి రాయండి, వీలైతే నేనూ వచ్చి ఒక మూల కూర్చుంటాను.

వచ్చే వారం: డబ్బింగ్ థియేటర్లో ఒక రాత్రి.